నాలుగు నిమిషాల గాలి

హార్బర్ రేడియో ఆఫీసర్ మహా జాగ్రత్తపరుడు. ఆదివారం ఉదయం తొమ్మిదీ పదికి తన మోటారు బోటులో కూర్చుని, బ్లోయర్ స్విచ్ వేసి, చేతి గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు.

అది పెట్రోలు ఇంజన్ బోటు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. పైకి లేవదు, ఇంజన్ గది అడుగున పాములా చుట్ట చుట్టుకుని పడుకుంటుంది. స్టార్టర్ నొక్కగానే పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు దానికి. అందుకే ప్రతి బోటుకీ వెంట్లు, అంటే గాలి ఆడే కంతలు, ఉంటాయి. ముందు వెంట్లోంచి మంచి గాలి లోపలికి వస్తుంది. అడుగు దాకా దిగిన గొట్టంలోంచి చెడ్డ గాలిని బ్లోయర్ పీల్చి వెనక వెంట్లోంచి బయటికి తోస్తుంది. నాలుగు నిమిషాలు తోసాక స్టార్టర్ నొక్కాలి. ఇది బోటు నడిపేవాళ్లందరికీ తెలుసు. రేడియో ఆఫీసర్‌కి అందరికంటే బాగా తెలుసు.

జెట్టీ మీద నలభై అడుగుల దూరంలో గాలం వేసుకుని కూర్చున్న సన్నటి మనిషి కూడా గడియారం చూస్తున్నాడు. గూఢచారి డిపార్ట్‌మెంటులో అతన్ని అందరూ పిన్నీసు అంటారు. ఎంత ఇరుకు సందులోంచైనా దూరిపోగలడు కాబట్టి ఆ పేరు. రేడియో ఆఫీసర్ ప్రాణాలు కాపాడటం ఆ వారం అతని డ్యూటీ.

"ఏవండీ, ఫ్లాస్కు మర్చిపోయారు!" అంటూ ఆఫీసర్ భార్య జెట్టీ మీద పరుగెత్తుకొచ్చింది.

ఆఫీసర్ నవ్వి చెయ్యి చాపాడు. నాలుగు నిమిషాలు పూర్తయ్యాయి. రెండో చేత్తో స్టార్టర్ నొక్కాడు.

పిన్నీసు కళ్లు తెరిచేసరికి బోటు లేదు. నీళ్లమీద మంట ఉంది. ఆఫీసర్ భార్య జెట్టీ పలకల మీద వెల్లకిలా పడి ఉంది. ప్రాణం పోలేదు. ఫ్లాస్కు ఆమె చేతిలోనే ఉంది. తాగాల్సిన మనిషి మాత్రం ఎక్కడా లేడు.

---

పంటి డాక్టర్ క్లినిక్ పైన ఉన్న గది డిపార్ట్‌మెంటుది. కింద డ్రిల్లు మోత ఆగకుండా నడుస్తుంటే పైన మాట్లాడుకునే మాటలు గోడ దాటవు. డాక్టర్ నిజంగానే పంటి డాక్టరు. పేషెంట్లు నిజంగానే ఏడుస్తారు.

డిపార్ట్‌మెంటుని నడిపే పెద్దాయన బల్లమీద ఒక గొట్టం ముక్క పెట్టారు. సగం కాలి కరిగిన హోస్ పైపు. లోపల నల్లగా, బిగుసుకుపోయిన ముద్ద ఒకటి.

"స్పాంజి బంతి," అన్నారాయన. "గొట్టంలో కుక్కారు. బ్లోయర్ తిరుగుతుంది, మోత వినిపిస్తుంది. గాలి మాత్రం అంగుళం కదలదు. పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకున్నారు. రాసుకోనీ."

"నేను అక్కడే ఉన్నాను సార్," అన్నాడు పిన్నీసు. "ఆ మోత నేనూ విన్నాను."

"నువ్వే కాదు. ఏడాదిలో మూడు బోట్లు. మూడో మనిషి ఈ రేడియో ఆఫీసర్. రెండో మనిషి కోస్ట్ గార్డ్ సర్వేయర్. మొదటివాడు..."

పెద్దాయన ఆగారు. ఆగక్కర్లేదు. మొదటివాడు పిన్నీసు సొంత అన్నయ్య. అదే డిపార్ట్‌మెంటు, ఇదే గది. ఏడాది కిందట ఓ పొద్దున బోటెక్కిన మనిషిని చివరికి ఒక సంచిలో ఇంటికి తెచ్చారు. అమ్మ ఆ సంచి విప్పనివ్వమని గోల పెడితే నలుగురు పట్టుకోవాల్సి వచ్చింది.

"మూడు బోట్ల వెంట్లూ ఒకే యార్డులో రిపేరయ్యాయి," పెద్దాయన అందుకున్నారు. "ఇది దొర ముఠా పని. దొర సముద్ర సరిహద్దు అవతల ఓడలో కూర్చుంటాడు, ఇవతల నేల మీద కాలు పెట్టడు. మనుషుల్ని పెట్టి పని కానిస్తాడు. వచ్చే శుక్రవారం పదకొండు గంటలకు ఇద్దరు పొరుగు దేశం రాయబారులు మన ప్రభుత్వ లాంచీలో దీవికి వెళ్లి సరిహద్దు ఒప్పందం మీద సంతకం పెడతారు. వాళ్లు మన లాంచీలో కాలిపోతే ఏమవుతుందో తెలుసుగా?"

"యుద్ధం."

"వారం లోపల. ఆ లాంచీ ఇప్పుడు అదే యార్డులో ఉంది, వెంట్ల రిపేరుకి. నేనే పంపాను. ఆ చెయ్యి ఎవరిదో నాకు కావాలి. నువ్వు మెకానిక్‌గా చేరు. చెవిటివాడిగా చేరు. చెవిటివాడి ముందు ఎవరూ నోరు కట్టుకోరు."

ఆయన ఒక సిగరెట్ లైటర్ ముందుకు తోశారు. "ఇది వెలగదు. పెట్రోలు ఆవిరి తగిలితే జేబులో వణుకుతుంది. ముఠాలో మన మనిషి ఒకరున్నారు. డబుల్ ఏజెంట్. 'గాలి ఎటు తిరిగింది?' అని అడిగితే, 'ఇంకా తిరగలేదు, తిప్పాలి' అని చెప్పు."

"ఎవరు సార్?"

పెద్దాయన పిప్పరమెంటు ఒకటి నోట్లో వేసుకున్నారు.

"మీ వదిన."

అన్నయ్య పోయిన మూడు నెలలకే వదిన దొర మనుషుల విందుల్లో కనిపించింది. నల్ల కళ్లద్దాలు, తెల్ల మోటారు బోటు, చుట్టూ నలుగురు మగాళ్లు. ఆ కబురు విన్న రోజున అమ్మ, "అది నా గడప తొక్కితే నేను ఉరేసుకుంటాను," అంది. పిన్నీసు ఆమె ఫొటోలన్నీ చింపేశాడు.

"మొగుణ్ని చంపినవాళ్ల మీద పగ తీర్చుకుంటానని తనే నా దగ్గరికి వచ్చింది," అన్నారు పెద్దాయన. "మీరు ఆమెను తిట్టుకుంటే ముఠాకి ఆమె మీద నమ్మకం పెరుగుతుంది. అందుకే మీకెవరికీ చెప్పలేదు."

కింద ఎవరి పన్నో పీకుతున్నారు. ఆ కేక మెట్లెక్కి పై దాకా వచ్చింది.

---

యార్డు మేస్త్రీ బొద్దుగా, నవ్వుమొహంతో, ఎవర్ని చూసినా బాబూ నాయనా అనే మనిషి. వేషం కోసం నెరిపిన జుట్టు, వెలిసిపోయిన ఖాకీ చొక్కా, చెవి వెనక చెయ్యి పెట్టుకుని "ఆఁ?" అనే అలవాటుతో కొత్త మెకానిక్‌గా వచ్చిన పిన్నీసుని పైనుంచి కిందికి చూశాడు.

"ఇంజన్ గదిలో పడతావా?" అని పెద్దగా అరిచాడు.

"పడతాను."

"అయితే దిగు."

మొదటి రెండు రోజులూ పిన్నీసు లాంచీ ఇంజన్ గదిలోనే బతికాడు. వెంట్ల మూతలకు ఉప్పు పట్టి జాలీలు సగం మూసుకుపోయాయి. రేకులు వంగిపోయాయి. పాత సీలెంటు ఎండి పెచ్చులుగా లేస్తోంది. స్క్రూలు తుప్పు పట్టి తలలు అరిగిపోతే ఒక్కోదాన్నీ డ్రిల్లుతో తొలిచి తీశాడు. మూతలు విప్పి, కడిగి, జాలీ మార్చి, కొత్త సీలెంటు వరసగా పూసి మళ్లీ బిగించాడు. నలిగిపోయిన గొట్టాలు తీసేసి కొత్తవి వేశాడు. పీల్చే గొట్టం మూతి అడుగు నుంచి నాలుగు అంగుళాల ఎత్తులో నిలిపాడు. అంతకంటే పైనుంటే ఆవిరి అందదు, కిందికి దిగితే నీళ్లు పీలుస్తుంది. ఈ పని అతనికి అన్నయ్యే నేర్పాడు.

మంగళవారం మధ్యాహ్నం బ్లోయర్ విప్పి, రేకు రెక్కల మధ్య ఇరుక్కున్న చెత్తను వేళ్లతో తీస్తున్నాడు. పైన డెక్ మీద మేస్త్రీ, పెయింటరు మాట్లాడుకుంటున్నారు.

"వీడు నిజంగా చెవిటోడేనంటావా?" అన్నాడు మేస్త్రీ.

"ఏమో. తిట్టినా పలకడం లేదు."

"తిడితే ఓర్చుకునే వాళ్లుంటారు. చెయ్యి ఎక్కడుందో చూశావా? ఇప్పుడు నేను స్విచ్ వేస్తాను. మాట వినబడ్డవాడైతే చెయ్యి తీస్తాడు."

"పాపం, వేళ్లు పోతాయి మేస్త్రీ."

"చెవిటోడైతే పాపం. కాకపోతే మన పాపం పండినట్టే. ఒకటి..."

చెయ్యి తీస్తే ప్రాణం పోతుంది, శుక్రవారం ఆ ఇద్దరి ప్రాణాలూ పోతాయి. ఒక్క క్షణం అతను తన వేళ్ల వైపే చూశాడు. బొటనవేలునీ చూపుడువేలునీ మెల్లగా, చెత్త తీస్తున్నట్టే, వెనక్కి జరిపాడు. చిటికెనవేలును అక్కడే ఉంచాడు.

"రెండు... మూడు."

రెక్కలు తిరిగాయి. పిన్నీసు పెట్టిన కేక నటన కాదు. చిటికెనవేలు కొస బ్లోయర్‌లోంచి ఎగిరి ఇంజన్ మీద పడింది.

మేస్త్రీ కిందికి తొంగి చూసి నాలుక చప్పరించాడు. "అయ్యయ్యో! చూసుకోవద్దా నాయనా? ఒరేయ్ పెయింటరూ, గుడ్డ తే." తర్వాత మెడ తిప్పి, గొంతు ఏమాత్రం తగ్గించకుండా అన్నాడు. "నిఖార్సైన చెవిటోడు. వీడి ముందు ఇక ఏమైనా మాట్లాడుకోవచ్చు. గురువారం సాయంత్రం బంతి నేనే పెడతాను."

---

బుధవారం పొద్దున తెల్ల మోటారు బోటు యార్డులోకి వచ్చింది. నడుపుతున్న ఆవిడ దిగగానే పెయింటరు బ్రష్షు డబ్బాలో వదిలేసి, చూస్తూ నిలబడిపోయాడు.

"వెంట్లలో గాలి ఆడటం లేదు మేస్త్రీ. మీ మెకానిక్‌ని పంపుతారా?"

"పంపకేం మేడమ్! కాకపోతే చెవిటోడు, అరవాలి."

"నేను అరవను. చూపిస్తాను."

పిన్నీసు ఇంజన్ గదిలోకి దిగాక ఆమె మూత పక్కన కూర్చుని కాళ్లు కిందికి వేలాడేసింది. మేస్త్రీ దూరం వెళ్లే దాకా ఆగింది. కళ్లద్దాలు తీసింది.

"గాలి ఎటు తిరిగింది?"

"ఇంకా తిరగలేదు, తిప్పాలి." పిన్నీసు పైకి చూశాడు. "వదినా..."

"తల పైకెత్తకు. పని చేస్తూ మాట్లాడు. ఆ వేలికేమైంది?"

"బ్లోయర్."

"మేస్త్రీయేనా? రాక్షసుడు. మీ అన్నయ్య బోటులో బంతి పెట్టిందీ వాడే." ఆమె కళ్లద్దాలు మడిచి పక్కన పెట్టింది. "ఏడాదిగా వాడికి నవ్వుతూ నమస్కారం పెడుతున్నాను. ఇంటికెళ్లాక వాంతి చేసుకుంటాను. అత్తయ్య ఎలా ఉన్నారు?"

"నిన్ను తిడుతూ ఉంది."

"తిట్టనీ. శుక్రవారం అయ్యాక నేనే వచ్చి ఆవిడ కాళ్లు పట్టుకుంటాను." ఆమె కళ్లు తుడుచుకుంది. "విను. బంతి గురువారం సాయంత్రం పెడతారు. అప్పుడు కదిలించకు, దొరకి తెలిసిపోతుంది. లాంచీ శుక్రవారం పొద్దున జెట్టీకి చేరాక కిక్కురుమనకుండా తీసెయ్. మేస్త్రీని అప్పుడు పట్టుకోండి. పెద్దాయన ఏర్పాటుతో రాయబారుల పక్కన దుబాసీగా నేనే ఉంటాను. నీ పని నువ్వు సరిగ్గా చేస్తే ముగ్గురం బతుకుతాం."

ఏడాదిగా తను చింపిన ఫొటోలన్నీ పిన్నీసు కళ్ల ముందు తిరిగాయి. సిగ్గుతో తల ఇంకా కిందికి దించుకున్నాడు. ఆ తెల్ల బోటు వెంట్లు ప్రాణం పెట్టి బాగుచేశాడు. ఆ రోజు సగం, మర్నాడు మిగతా సగం.

---

శుక్రవారం ఎనిమిదిన్నరకు లాంచీ ప్రభుత్వ జెట్టీకి చేరింది. పిన్నీసు లోపలికి దిగి, వెనక గొట్టం విప్పి, చెయ్యి దూర్చాడు. స్పాంజి బంతి వేళ్లకు తగిలింది. తీసి జేబులో వేసుకున్నాడు. గొట్టం మళ్లీ బిగించి, మూతి అడుగున సరిగ్గా ఉందో లేదో చూసి, పెద్దాయనకు వైర్‌లెస్‌లో ఒక్క ముక్క చెప్పాడు.

"క్లియర్."

పావుగంటలో యార్డులో మేస్త్రీని పట్టుకున్నారు. టీ తాగుతున్నాడట. కప్పు పూర్తి చేయనివ్వమని బతిమాలాడట. పిన్నీసు హార్బర్ ఆస్పత్రి దాకా వెళ్లి వేలికి కట్టు మార్చుకుని వచ్చేసరికి పదిన్నర దాటింది.

రాయబారులిద్దరూ అప్పటికే క్యాబిన్‌లో ఉన్నారు. లావుపాటి రాయబారి సిగార్ వెలిగించి పెద్దగా నవ్వుతున్నాడు. వదిన పట్టుచీరలో, మధ్యలో కూర్చుని దీవి గురించి వాళ్ల భాషలో చెబుతోంది. జెట్టీ చివర ఆమె తెల్ల బోటు కట్టి ఉంది. ఇవతల పెద్దాయన గొడుగు కింద నిలబడి ఉన్నారు. లాంచీ డ్రైవరు బ్లోయర్ స్విచ్ వేసి గడియారం చూసుకున్నాడు.

ఒక నిమిషం.

వదిన క్యాబిన్ నుంచి బయటికి వచ్చింది. "ఫైలు నా బోటులోనే మర్చిపోయాను. రెండు నిమిషాల్లో వస్తాను," అని డ్రైవరుతో చెప్పి జెట్టీ మీదికి దిగింది. పిన్నీసు పక్కగా వెళ్తూ కళ్లతోనే నవ్వింది.

రెండు నిమిషాలు.

పిన్నీసు అలవాటుగా వంగి, వెనక వెంట్ మీద అరచెయ్యి పెట్టాడు. గాలి వస్తోంది. జోరుగా వస్తోంది. జేబులో లైటర్ కదల్లేదు. అంతా బాగానే ఉన్నట్టే లెక్క.

కానీ ఆ గాలికి సిగార్ వాసన ఉంది.

అతను మళ్లీ పీల్చాడు. సందేహం లేదు, సిగారే. ఇంజన్ గది అడుగునుంచి రావాల్సిన గాలికి నూనె, పెట్రోలు, మురికినీళ్ల వాసన ఉండాలి. సిగార్ ఉన్నది క్యాబిన్‌లో. అంటే బ్లోయర్ ఇంజన్ గదిని పీల్చడం లేదు, క్యాబిన్‌ని పీలుస్తోంది. అడుగున ఉన్నది అడుగునే ఉంది.

మూడు నిమిషాలు.

"ఆపు!" పిన్నీసు అరిచాడు. "స్టార్ట్ చేయకు!"

డ్రైవరు వెనక్కి తిరిగి చూసి విసుక్కున్నాడు. "నీకేమైందయ్యా? నాలుగు నిమిషాలూ ఆడిస్తున్నాను కదా!" చెవిటివాడికి అర్థం కావాలని చేత్తో గడియారం కొట్టి చూపించాడు. తర్వాత ముందుకు తిరిగాడు. పెద్దవాళ్లు కూర్చున్న బోటులో ఆలస్యం చేసి చీవాట్లు తినడం అతనికి ఇష్టం లేదు.

డ్రైవరు సీటు దాకా పన్నెండు అడుగులు, మధ్యలో క్యాబిన్ గోడ. బ్యాటరీ మెయిన్ స్విచ్ వెనక పెట్టెలో ఉంది, మూడు అడుగుల దూరంలో. పిన్నీసు లాంచీలోకి దూకి, పెట్టె మూత పీకి, కట్టు కట్టిన చేత్తోనే స్విచ్ పట్టుకుని తిప్పాడు. ఎర్ర మరక కట్టు మీదికి ఉబికింది. స్విచ్ బిగుసుకుని ఉంది. పళ్ల బిగువున ఇంకోసారి తిప్పాడు. అదే క్షణంలో డ్రైవరు వేలు స్టార్టర్ మీద పడింది.

టక్.

అంతే. బ్లోయర్ ఆగిపోయింది. ఇంజన్ పలకలేదు. నిప్పురవ్వ పుట్టలేదు. క్యాబిన్‌లో లావుపాటి రాయబారి ఏదో జోక్ చెప్పి తనే నవ్వుకున్నాడు.

"సిగార్ ఆర్పెయ్యమను! అందర్నీ దింపు!" పిన్నీసు అరుస్తూనే ఇంజన్ గది మూత ఎత్తాడు. ఆవిరి గుప్పుమంది. జేబులో లైటర్ పట్టుకున్న చేపలా కొట్టుకుంది. పెట్రోలు గొట్టం జాయింటు ఎవరో అరచుట్టు వదులు చేశారు. చుక్క చుక్కగా కారుతోంది. తను బిగించిన పీల్చే గొట్టాన్ని అడుగునుంచి లేపి, క్యాబిన్ గోడలో వైర్ల కోసం ఉన్న కంతలోంచి అవతలికి దూర్చి, రాగి తీగతో కట్టారు.

పిన్నీసు చూపు ఆ తీగ ముడి దగ్గర ఆగింది. ఎడమకు రెండు మెలికలు, కొస లోపలికి మడత. తీగ కొస చేతికి గీరుకోకుండా అలా కడతారు. పెళ్లయిన కొత్తలో భార్యకి బోటు నేర్పుతూ అన్నయ్య కనిపెట్టిన ముడి అది. ఆ ముడి ప్రపంచంలో ఇద్దరికే వచ్చు. ఒకరు సంచిలో ఇంటికి వచ్చారు.

"పొద్దున ఎవరైనా ఇందులోకి దిగారా?"

డ్రైవరు నీళ్లు నమిలాడు. "దుబాసీ మేడమ్ తొమ్మిదింటికి పూలు సర్దడానికి వచ్చారు. నన్ను ఐసు తెమ్మన్నారు. పది నిమిషాలు..."

బంతి ఎర. మేస్త్రీ ఎర. బంతి తీసేశాక ఇక ఎవరూ వెతకరని ఆమెకు తెలుసు. క్లియర్ అని చెప్పేదీ, పేలాక చెడ్డపేరు వచ్చేదీ పిన్నీసుకే.

---

ఆమె పరుగెత్తడం లేదు. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని తెల్ల బోటులో దిగి, తాడు విప్పి, సీట్లో కూర్చుని తాళంచెవి దూర్చింది. పిన్నీసు జెట్టీ మీద నడిచి వెళ్లి ఆమెకు పది అడుగుల దూరంలో నిలబడ్డాడు. వెనక తుపాకులతో వస్తున్న గార్డులను చెయ్యెత్తి ఆపాడు.

ఆమె వేలు స్టార్టర్ మీద ఆగింది.

"ఈ బోటు వెంట్లు నువ్వే బాగుచేశావు కదూ?"

"నేనే."

"నేను చూస్తుండగా సగం చేశావు. మిగతా సగం నిన్న చేశావు. ఏం చేశావు?"

"రిపేరు."

ఆమె అతని మొహంలోకి చూసింది. అందులో ఏమీ దొరకలేదు. బ్లోయర్ స్విచ్ వేసింది, మోత వినిపించింది. ఆ మోతను ఎంతవరకు నమ్మొచ్చో అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆమె. వెనక్కి వంగి వెంట్ మీద అరచెయ్యి పెట్టింది.

"గాలి వస్తోంది," అంది.

"వస్తుంది."

"ఎక్కడి గాలి?"

పిన్నీసు ఆమె విప్పిన తాడు కొసను కాలితో పక్కకి జరిపాడు.

"మీ అమ్మ మీద ఒట్టేసి చెప్పు. బాగుందా, లేదా?"

"అన్నయ్య నిన్ను ఒట్టు అడిగాడా వదినా?"

ఆమె నవ్వింది.

"అడగలేదు. నన్ను నమ్మాడు. పెళ్లికి ముందునుంచీ నేను దొర మనిషినే. ఒకరోజు నా పెట్టెలో దొరతో మాట్లాడే రేడియో చూశాడు. 'ఏంటిది?' అన్నాడు. రేపు సాయంత్రం చెబుతానని, ఆ రాత్రే మేస్త్రీ చేత బంతి పెట్టించాను. సరేనని పొద్దున్నే బోటెక్కాడు. వెళ్తూ నాకు చెయ్యి కూడా ఊపాడు." ఆమె వేలు ఇంకా స్టార్టర్ మీదే ఉంది. "ఇంకోటి చెప్పనా? మీ పెద్దాయనకు ఇదంతా తెలుసు. వెళ్లి అడుగు."

పిన్నీసు వెనక ఉన్న గొడుగు వైపు ఒక్కసారి చూశాడు. అయినా అక్కడినుంచి కదల్లేదు.

నొక్కితే అవతల సముద్రం, దొర ఓడ, కొత్త పేరు, కొత్త దేశం. నొక్కకపోతే తుపాకులు. ఆమె ఆ రెండిటి మధ్యా కూర్చుంది. రెండుసార్లు కళ్లు మూసుకుని నొక్కబోయింది. రెండుసార్లూ చెయ్యి మాట వినలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. కాటుక కరిగి బుగ్గల మీదికి జారింది. చివరికి తాళంచెవి తీసి, ఎవరో కొట్టినట్టు గట్టిగా ఏడుస్తూ, పిన్నీసు కాళ్ల దగ్గరికి విసిరేసింది.

గార్డులు ఆమెను పట్టుకుపోతుంటే వెనక్కి తిరిగి ఒకే ఒక్క మాట అడిగింది.

"ఇప్పుడైనా చెప్పు. అందులో ఏం చేశావు?"

"కొత్త జాలీ వేశాను. గొట్టాలు మార్చాను. నా వేలు తెగి ఉన్నా నీ బోటుకి ఏ లోటూ చేయలేదు," అన్నాడు పిన్నీసు. "నొక్కి ఉంటే వెళ్లిపోయేదానివి వదినా."

ఆమె పెట్టిన కేక జెట్టీ అవతల దాకా వినిపించింది. ఆ మాట చెప్పకుండా ఉండగలిగేవాడినే అని పిన్నీసుకి తెలుసు. చెప్పాడు.

ఈలోగా పెద్దాయన చేతులు కట్టుకుని కూర్చోలేదు. అలలను ఆపే రాళ్లగట్టు చివర పాత టైర్లు తగలబెట్టించారు. నల్లటి పొగ ఆకాశానికి లేచింది. లాంచీ పేలిందనుకుని, కళ్లారా చూసి మురిసిపోదామని దొర ఓడ సరిహద్దు దాటి రెండు మైళ్లు ఇవతలికి వచ్చింది. నేవీ వాళ్లు అక్కడే కాచుకుని ఉన్నారు. రాయబారులు వేరే బోటులో దీవికి వెళ్లి సంతకాలు చేశారు.

---

మూడు గంటలకు జెట్టీ ఖాళీ అయింది. పెద్దాయన పిన్నీసు పక్కన వచ్చి నిలబడ్డారు.

"మీకు తెలుసా సార్?"

పెద్దాయన పిప్పరమెంటు కోసం జేబులో వెతుక్కున్నారు. దొరకలేదు.

"మీ అన్నయ్య పోయిన రెండు నెలలకు తెలిసింది. ఆమె మనకు పది కబుర్లు ఇస్తే ఎనిమిది నిజం. అంత మంచి దారి మళ్లీ దొరకదు. మూసేయలేకపోయాను."

"ఆ తర్వాత సర్వేయర్ పోయాడు. రేడియో ఆఫీసర్ పోయాడు."

"యుద్ధం వస్తే ఎంతమంది పోయేవాళ్లో లెక్కేసుకో."

"లాంచీలో నన్ను క్లియర్ చెప్పమన్నప్పుడు కూడా ఆమె సంగతి మీకు తెలుసు."

"నువ్వు కనిపెడతావనే నమ్మకం నాకుంది."

పిన్నీసు కట్టు కట్టిన చెయ్యి వైపు చూసుకున్నాడు. పెద్దాయన మాట మార్చారు.

"ఆ తెల్ల బోటు డిపార్ట్‌మెంటు జప్తు చేసుకుంటుంది. అవతలి ఒడ్డుకి అందులోనే వెళ్లిపోతాను, కారులో అయితే గంటన్నర తిప్పుడు. కండిషన్ ఎలా ఉంది?"

పిన్నీసు తాళంచెవి తీసి ఆయన అరచేతిలో పెట్టాడు.

"బ్రహ్మాండంగా ఉంది సార్. మీ కోసం ఇప్పుడే లోపలికి దిగి మరోసారి చూసి వచ్చాను."

పెద్దాయన తాళంచెవిని చూశారు. బోటుని చూశారు. పిన్నీసు మొహాన్ని చాలాసేపు చూశారు. తర్వాత గొంతు సవరించుకుని, కారు ఎక్కడుందని తన డ్రైవరుని అడిగారు. కారు ఇంజన్‌ని కూడా ఇందాకే పిన్నీసు విప్పి చూసి వెళ్లాడని డ్రైవరు చెప్పాడు.

ముప్పై ఏళ్ల సర్వీసులో మొట్టమొదటిసారిగా, పెద్దాయన ఆ సాయంత్రం బస్సులో ఇంటికి వెళ్లారు.